ఎవరి చేతిలో రూపాయి మిగలాలి?

2025 జులైలో బెంగళూరు చిన్న కొట్లలో క్యూఆర్ కోడ్ కాగితాలు మాయమయ్యాయి. బేకరీ గాజు అరల మీద, టీ కొట్టు గల్లాపెట్టె పక్కన, తోపుడుబండి కర్రకు అతికించి ఉన్న వాటిని యజమానులే చింపేసి, “యూపీఐ లేదు, నగదు మాత్రమే” అని అట్టముక్కల మీద రాసి పెట్టారు. కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ 2021-22 నుంచి వ్యాపారుల ఖాతాల్లో పడిన యూపీఐ జమల వివరాలు తెప్పించుకుని, జీఎస్టీ నమోదు పరిమితి దాటినట్టు కనిపించినవారికి నోటీసులు పంపింది. హావేరిలో ఒక కూరగాయల వ్యాపారికి నాలుగేళ్లలో 1.63 కోట్ల రూపాయల లావాదేవీలు జరిగాయంటూ 29 లక్షల రూపాయలు కట్టమని తాఖీదు వచ్చింది. తాజా కూరగాయలపై అసలు జీఎస్టీయే లేదు.

మడివాళ, మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, కె.ఆర్.పురం వైపు మెస్సులు, కిరాణా కొట్లు, పీజీలు నడుపుతున్నవారిలో తెలుగువారు చాలామంది ఉన్నారు. చిత్తూరు, అనంతపురం, కడప, నెల్లూరు జిల్లాల నుంచి వచ్చి, ఊళ్లో పొలమో ఇంట్లో బంగారమో కుదువపెట్టి, అడ్వాన్సు కట్టి కొట్టు తెరిచినవారు వీరిలో ఎందరో. నోటీసు చేతికందితే అందులో ఏముందో చదివి చెప్పడానికి కూడా వీరికి ఆడిటరు కావాలి. ఆ జులైలో చిన్న వ్యాపారులను పట్టుకున్న భయాన్ని టీవీలు చూపించాయి. ఆ భయానికీ దేశ ఆర్థిక వ్యవస్థ నడకకూ ఉన్న సంబంధం గురించి మాత్రం పెద్దగా చర్చ జరగలేదు. మందగించిన ఆర్థిక వ్యవస్థకు పన్నుల ద్వారా ఊపు తేవాలనుకున్నప్పుడు, ఎంత తగ్గించారన్నది రెండో ప్రశ్న. ఎవరికి తగ్గించారు, ఎవరి దగ్గర ఏ తీరున వసూలు చేశారన్నది మొదటి ప్రశ్న.

నోటీసుల సంగతే చూద్దాం. చట్టం అక్షరాల్లో శాఖ వాదనకు ఆధారం ఉంది. సరుకులు అమ్మేవారి వార్షిక టర్నోవరు 40 లక్షలు, సేవలు అందించేవారిది 20 లక్షలు దాటితే జీఎస్టీలో నమోదు కావాలి. పన్ను ఉన్న సరుకులతోపాటు పాలు, కూరగాయల వంటి పన్ను లేని సరుకులు కూడా అమ్మే కొట్టయితే, ఆ అమ్మకాలు సైతం ఈ లెక్కలోకి వస్తాయి. కానీ 40 లక్షలంటే రోజుకు సుమారు 11,000 రూపాయల అమ్మకం. బస్టాపు పక్కన పాలు, బ్రెడ్డు, చిప్స్, బిస్కెట్లు అమ్మే బేకరీకి ఇది పెద్ద బేరమేమీ కాదు. వందకు పది రూపాయలు మిగులుతాయనుకుంటే ఏడాదికి వచ్చేది 4 లక్షలు. అద్దె, కరెంటు, పనివాడి జీతం అందులోంచే పోవాలి. అదే 2025లో కేంద్ర బడ్జెట్ ఏడాదికి 12 లక్షల వరకు సంపాదించేవారికి కొత్త విధానంలో ఆదాయపు పన్ను ఉండదని ప్రకటించింది. జీతగాళ్లకైతే 75,000 ప్రామాణిక మినహాయింపు కలుపుకుని 12.75 లక్షల వరకు పన్ను లేదు. ఒకే వీధిలో ఉన్న ఇద్దరిలో, మూడో వంతు ఆదాయం ఉన్న మనిషి చేతికి నోటీసు వచ్చింది.

జీఎస్టీని కట్టేది కొనుగోలుదారుడు కదా, వ్యాపారికి నష్టమేమిటని కొందరు వాదించారు. నమోదైన వ్యాపారి విషయంలో అది నిజం. నమోదు కాని వ్యాపారి కొనుగోలుదారుడి దగ్గర పన్ను తీసుకోలేదు. టోకు కొట్టులో సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును తిరిగి జమ చేసుకునే అవకాశమూ అతనికి లేదు. నాలుగేళ్ల తర్వాత పూర్తి రేటు, దానిపై వడ్డీ, ఆపైన జరిమానా కట్టమంటే ఆ మొత్తం జేబులోంచే తీయాలి. ముందుగానే నమోదై, చిన్న వ్యాపారులకు ఉన్న కాంపొజిషన్ పథకంలో చేరి ఉంటే అమ్మకాలపై 1 శాతంతో, అంటే 40 లక్షలకు 40,000 రూపాయలతో తెమిలిపోయేది. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. మరొకటి, ఖాతాలో పడిన ప్రతి రూపాయీ అమ్మకం కాదు. అందులో చేబదులు తిరిగి వచ్చినది ఉంటుంది, చీటీ పాడుకున్న డబ్బు ఉంటుంది, తమ్ముడు ఊరి నుంచి పంపినది ఉంటుంది. ఇవన్నీ విడదీసి చూపించే బాధ్యత కంప్యూటర్ పంపిన లెక్క మీద కాక, పుస్తకాలు రాయడం తెలియని మనిషి మీద పడింది.

వ్యాపారులు జులై 25న బంద్‌కు పిలుపునిచ్చారు. దానికి రెండు రోజుల ముందు ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వారితో మాట్లాడి, నమోదు చేసుకుంటే పాత బకాయిలు వసూలు చేయబోమని హామీ ఇచ్చారు. గొడవ సద్దుమణిగింది. అయితే ఆ కొన్ని వారాల్లో జరిగిన నష్టం బకాయిల కన్నా పెద్దది. ఫోను చెల్లింపుల పుణ్యమా అని చిన్న వ్యాపారి బేరానికి మొదటిసారి ఒక రికార్డు ఏర్పడింది, దాన్ని చూపి బ్యాంకులో అప్పు అడిగే వీలు కలిగింది. ఆ రికార్డే తన మీదికి వస్తుందని తెలిసినప్పుడు అతను నగదు చాటుకు వెళ్లిపోతాడు. కొట్టు పెంచడు, ఇంకో కుర్రవాడిని పనికి పెట్టుకోడు, పరిమితికి కాస్త దిగువనే ఉండిపోతాడు. వృద్ధి రేటు అంకెల్లో ఇది విడిగా కనిపించదు. కానీ ఉపాధి ఎక్కడ పుట్టాలో అక్కడే దాని గొంతు నొక్కినట్టు అవుతుంది.

2019లో జరిగింది

పన్ను తగ్గిస్తే ఆర్థిక వ్యవస్థ పుంజుకుంటుందన్న మాటను ఈ దేశం ఇటీవలే ఒకసారి పెద్ద ఎత్తున పరీక్షించి చూసింది. 2019 ఆగస్టులో ప్రయాణికుల వాహనాల అమ్మకాలు అంతకుముందు ఏడాది ఆగస్టుతో పోలిస్తే 31 శాతానికి పైగా పడిపోయాయి. ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో వృద్ధి 5 శాతానికి జారిందని ప్రభుత్వమే ప్రకటించింది. వీటికన్నా కలవరపెట్టిన వార్త బిస్కెట్లది. ఐదు రూపాయల ప్యాకెట్‌కు కూడా పల్లెల్లో గిరాకీ తగ్గిందని, ఇలాగే కొనసాగితే 10,000 మంది దాకా కార్మికులను తగ్గించుకోవాల్సి రావచ్చని పార్లే సంస్థ ఆ నెలలోనే చెప్పింది. జీఎస్టీకి ముందు కిలో 100 రూపాయల లోపు ధర పలికే బిస్కెట్లపై పన్ను 12 శాతం ఉండేది. జీఎస్టీ వచ్చాక అది 18 అయింది. ప్యాకెట్ ధర ఐదు రూపాయలు దాటితే కొనేవారు ఉండరు కాబట్టి లోపలి బిస్కెట్లు తగ్గాయి. పిల్లవాడి చేతిలోని ప్యాకెట్ బరువు తగ్గిందంటే ఆ ఇంటి ఆదాయం ఏ స్థితిలో ఉందో వేరే చెప్పనక్కర్లేదు.

దీనికి ప్రభుత్వం ఇచ్చిన జవాబు కార్పొరేట్ పన్ను కోత. 2019 సెప్టెంబరు 20న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ కంపెనీల మూల పన్ను రేటును 30 నుంచి 22 శాతానికి, కొత్తగా పెట్టే తయారీ సంస్థలకు 15 శాతానికి తగ్గిస్తున్నట్టు ప్రకటించారు. ఖజానా వదులుకునే ఆదాయం ఏడాదికి 1.45 లక్షల కోట్ల రూపాయలని అంచనా కట్టారు. కంపెనీలకు మిగిలిన డబ్బు కొత్త ఫ్యాక్టరీలుగా, ఉద్యోగాలుగా మారుతుందన్నది ఆలోచన.

ఆ ఆలోచనలో ఒక మెట్టు లేదు. అప్పటికే దేశంలోని తయారీ పరిశ్రమలు తమ సామర్థ్యంలో 70 శాతం లోపే వాడుకుంటున్నాయని రిజర్వ్ బ్యాంక్ సర్వే చెబుతోంది. మూడో వంతుకు దగ్గరగా యంత్రాలు ఊరికే పడి ఉన్న యజమాని, పన్ను తగ్గిందని ఇంకో షెడ్డు కట్టడు. మిగిలిన డబ్బుతో అప్పు తీరుస్తాడు, వాటాదారులకు డివిడెండ్ ఇస్తాడు, లేదా బ్యాంకులో ఉంచుకుంటాడు. ఇందులో అతని దురాశ ఏమీ లేదు, వ్యాపారం తెలిసినవారెవరైనా అదే చేస్తారు. సరుకు కొనేవారు లేనప్పుడు సరుకు తయారుచేసేవారికి రాయితీ ఇవ్వడం ప్రభుత్వం చేసిన పొరపాటు. కార్పొరేట్ పన్ను వసూలు 2018-19లో 6.63 లక్షల కోట్లు ఉండగా 2019-20లో 5.57 లక్షల కోట్లకు పడిపోయింది. ఆ తర్వాత కరోనా వచ్చింది కనుక తర్వాతి ఏళ్ల జయాపజయాలన్నిటినీ ఈ ఒక్క కోతకు అంటగట్టడం సబబు కాదు. ఆ మాట ఒప్పుకుంటూనే, 2025 జనవరిలో పార్లమెంటు ముందుకొచ్చిన ఆర్థిక సర్వే ఏమందో చూడాలి. 2023-24లో స్టాక్ మార్కెట్‌లో నమోదైన పెద్ద కంపెనీల లాభాలు 22.3 శాతం పెరిగితే, వాటిలో ఉద్యోగాలు పెరిగింది 1.5 శాతమే. లాభాలు పెరిగినంతగా జీతాలు పెరగకపోతే గిరాకీ దెబ్బతింటుందని ఆ సర్వేనే హెచ్చరించింది. ప్రభుత్వ పత్రమే ఇంత సూటిగా చెప్పాక ఇక వాదనకు తావు తక్కువ.

అదే 2023-24లో నికర కార్పొరేట్ పన్ను వసూలు 9.11 లక్షల కోట్లు. వ్యక్తుల ఆదాయపు పన్ను, షేర్ల లావాదేవీల పన్నుతో కలిపి, 10.44 లక్షల కోట్లు. 2018-19లో కంపెనీలు కట్టినది వ్యక్తులు కట్టినదాని కన్నా బాగా ఎక్కువ. ఐదేళ్లలో బరువు ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదికి మారింది.

శనివారం బట్వాడా

ఎవరి చేతిలో రూపాయి మిగిలితే అది తిరుగుతుందన్న ప్రశ్నకు జవాబు బెంగళూరులో ఏ కూలీల అడ్డా దగ్గర నిలబడినా దొరుకుతుంది. కదిరి, హిందూపురం, మదనపల్లె ప్రాంతాల నుంచి వచ్చిన తాపీ మేస్త్రీలు, సెంట్రింగ్ పనివాళ్లు, వారి వెంట వచ్చిన ఆడవాళ్లు సర్జాపుర రోడ్డు, హెణ్ణూరు, వైట్‌ఫీల్డ్ వైపు పెరుగుతున్న అపార్ట్‌మెంట్లలో పని చేస్తుంటారు. శనివారం బట్వాడా అందగానే ఆ డబ్బులో కొంత ఫోను ద్వారా ఊరికి వెళ్తుంది. మిగిలినది ఆదివారం సాయంత్రానికి బియ్యం, నూనె, సబ్బులు, కోడి మాంసం, ఫోను రీచార్జి, పిల్లల మందులుగా మారిపోతుంది. ఊరికి వెళ్లిన డబ్బు కూడా అక్కడి కిరాణా కొట్టులోనే, ఎరువుల దుకాణంలోనే ఖర్చవుతుంది. ఈ మనిషికి నెలకు 500 రూపాయల పన్ను భారం తగ్గితే ఆ 500 నెల తిరగకముందే నలుగురి చేతులు మారుతాయి. నెలకు ఐదు లక్షలు సంపాదించే వ్యక్తికి అదే 500 మిగిలితే అతని ఖర్చులో ఏ మార్పూ ఉండదు.

2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ఈ తేడాను అంకెల్లో చూపింది. పట్టణాల్లో అట్టడుగు 5 శాతం జనాభాలో తలసరి నెలసరి ఖర్చు 2,001 రూపాయలు. పైనున్న 5 శాతంలో అది 20,824. ఖర్చులో తేడా పది రెట్లు. ఆదాయంలో, ఆస్తిలో తేడా ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే పైనున్నవారు సంపాదించినదంతా ఖర్చు చేయరు. కిందివారు దాచుకోవడానికి మిగలదు. అందుకే వస్తువులపై వేసే పన్ను కిందివారి ఆదాయంలో పెద్ద వాటాను, పైవారి ఆదాయంలో చిన్న వాటాను తీసుకుంటుంది. ఆదాయపు పన్ను కట్టేవారు దేశంలో కొద్దిమందేనని, మిగిలినవారంతా వారి మీద బతుకుతున్నారని తరచూ వినిపించే మాట అందుకే అన్యాయం. 2024 జులై 31 నాటికి దాఖలైన రిటర్నులు 7.28 కోట్లు. కానీ సబ్బు కొన్న ప్రతి ఇల్లూ, రీచార్జి చేసుకున్న ప్రతి కూలీ పన్ను కడుతూనే ఉన్నారు. దాదాపు 300 రూపాయల రీచార్జిలో 45 రూపాయలు జీఎస్టీయే. పని దొరకాలంటే మేస్త్రీకి ఫోను తప్పనిసరి. ఇది విలాసం కాదు.

బయటి దేశాల అనుభవమూ ఇదే వైపు చూపుతోంది. అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జరిగిన పన్ను మార్పులను పరిశీలించిన ఆర్థికవేత్త ఓవెన్ జిడార్, దిగువ 90 శాతం ప్రజలకు ఇచ్చిన పన్ను కోతలే ఉపాధిని ఎక్కువగా పెంచాయని, పై 10 శాతానికి ఇచ్చిన కోతల ప్రభావం స్వల్పమని 2019లో ప్రచురించిన అధ్యయనంలో తేల్చారు. అంతర్జాతీయ ద్రవ్యనిధి పరిశోధకులు 2015లో పలు దేశాల లెక్కలు చూసి, అట్టడుగు 20 శాతం ప్రజల ఆదాయ వాటా పెరిగినచోట తర్వాతి ఐదేళ్లలో వృద్ధి పెరిగిందని, పై 20 శాతం వాటా పెరిగినచోట వృద్ధి తగ్గిందని చూపారు. కాలువ తల దగ్గర ఎంత నీరు వదిలినా చివరి ఆయకట్టుకు చేరకపోతే పంట పెరగదని రాయలసీమ రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఢిల్లీలో విధానాలు రాసేవారికే ఇది పదేపదే చెప్పాల్సి వస్తోంది.

2025లో ఇచ్చినది, తీసుకున్నది

ఈ దృష్టితో చూస్తే 2025లో రెండు పెద్ద మార్పులు వచ్చాయి. మొదటిది బడ్జెట్‌లోని ఆదాయపు పన్ను ఊరట. ఖజానాకు తగ్గే రాబడి సుమారు లక్ష కోట్లు. అప్పటికే 7 లక్షల వరకు పన్ను లేదు కనుక ఈ ఊరట అందింది అంతకు మించి సంపాదించేవారికి. 12 లక్షల ఆదాయం ఉన్నవారికి 80,000, 24 లక్షలు దాటినవారికి 1,10,000 మిగిలింది. అవుటర్ రింగు రోడ్డు వెంబడి ఐటీ ఆఫీసుల్లో పనిచేసే తెలుగు యువతకు ఇది నిజమైన మేలు, దాన్ని తక్కువ చేయాల్సిన పని లేదు. ఇంటి అప్పు కంతులు, పిల్లల బడి ఫీజుల మధ్య నలుగుతున్న కుటుంబాలు అవి. అయినా ఈ లక్ష కోట్లలో గణనీయమైన భాగం కంతులకు, మ్యూచువల్ ఫండ్లకు వెళ్తుంది తప్ప వెంటనే కొట్టుకు రాదు.

రెండోది సెప్టెంబరు 22 నుంచి అమలైన జీఎస్టీ మార్పు. 12, 28 శాతం అంచెలు పోయి ప్రధానంగా 5, 18 మిగిలాయి. విలాస, హానికర వస్తువులకు 40 శాతం పెట్టారు. సబ్బు, తలనూనె, షాంపూ, టూత్‌పేస్టు, బిస్కెట్లు 18 నుంచి 5కు వచ్చాయి. నెయ్యి, వెన్న 12 నుంచి 5కు, సిమెంటు, 350 సీసీ లోపు మోటారు సైకిళ్లు, ఆటోలు 28 నుంచి 18కి దిగాయి. వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమాపై పన్ను పూర్తిగా పోయింది. ఇది సరైన దిశలో వేసిన అడుగు, ఆదాయపు పన్ను ఊరట కన్నా కిందికి దిగిన అడుగు. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్‌లో పన్ను 76 పైసల నుంచి 24 పైసలకు తగ్గింది. 2019లో కార్పొరేట్ కోతకు బదులు ఇదే చేసి ఉంటే ఎలా ఉండేదన్న ప్రశ్న వేయకుండా ఉండలేం. ఆరేళ్లు ఆలస్యమైంది.

తగ్గిన పన్ను ధరలోకి వచ్చిందా అన్నది వేరే సంగతి. 2017 నవంబరులో హోటళ్లపై పన్నును 18 నుంచి 5కు తగ్గించి, కొనుగోళ్లపై కట్టిన పన్నును తిరిగి జమ చేసుకునే వీలు తీసేసినప్పుడు, చాలాచోట్ల పాత ధర మీద స్టిక్కరు అతికించి మెనూ ధర పెంచేశారు. కొనుగోలుదారుడికి మిగిలింది స్వల్పం. తగ్గింపును జేబులో వేసుకునే కంపెనీలపై ఫిర్యాదు చేయడానికి అప్పట్లో ఒక చట్టబద్ధ యంత్రాంగం ఉండేది. 2025 ఏప్రిల్ 1 నుంచి అది కొత్త ఫిర్యాదులు తీసుకోవడం మానేసింది. అంటే జీఎస్టీ చరిత్రలో అతిపెద్ద తగ్గింపు వచ్చేనాటికి దాన్ని కాపలా కాసేవారు లేరు. ఇది సరిదిద్దదగ్గ లోపం, సరిదిద్దాలి.

ఒక చేతికి ఇచ్చినదాన్ని ఇంకో చేతి నుంచి తీసుకోవడం కూడా బెంగళూరులో అదే ఏడాది కళ్లముందు జరిగింది. 2025 జనవరిలో బస్సు చార్జీలు 15 శాతం పెరిగాయి. ఫిబ్రవరి 9న మెట్రో చార్జీలు పెంచారు, గరిష్ఠ టికెట్టు 60 నుంచి 90 రూపాయలైంది. ఏప్రిల్ 1న నందిని పాలు లీటరుకు 4 రూపాయలు పెరిగాయి. డీజిలుపై రాష్ట్ర అమ్మకపు పన్ను 2024 జూన్‌లో 14.3 నుంచి 18.4 శాతానికి, 2025 ఏప్రిల్‌లో 21.17 శాతానికి చేరింది. పెట్రోలుపై 2024 జూన్‌లోనే 29.84 శాతం అయింది. వీటిలో చార్జీలు సాంకేతికంగా పన్నులు కావు. డెలివరీ కుర్రవాడికి, ఇంటి పనికి వెళ్లే మహిళకు ఆ తేడాతో పని లేదు. కర్ణాటక నివాసులైన ఆడవారికి శక్తి పథకంలో సాధారణ బస్సు ప్రయాణం ఉచితం కనుక వారికి బస్సు చార్జీ తగలలేదు, అది నిజంగా మంచి పథకం. మిగిలినవన్నీ తగిలాయి.

వృత్తి పన్ను ఇంకో ఉదాహరణ. కర్ణాటకలో నెలకు 25,000 రూపాయల జీతం వస్తే నెలకు 200 రూపాయలు కోస్తారు, ఫిబ్రవరిలో 300. రెండున్నర లక్షల జీతం వచ్చినా అంతే. రాజ్యాంగంలోని 276వ అధికరణం ఈ పన్నుకు ఏడాదికి 2,500 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టింది. 1988లో చేసిన సవరణ అది. సెక్యూరిటీ సూపర్‌వైజరు, కంపెనీ ఉపాధ్యక్షుడు ఒకే పన్ను కట్టే ఏర్పాటును దాదాపు నాలుగు దశాబ్దాలుగా ఎవరూ ముట్టుకోలేదు.

సరిదిద్దుకున్న సందర్భాలూ ఉన్నాయి. పీజీ హాస్టళ్లు ఇళ్లు కావని, వాటి అద్దెకు 12 శాతం జీఎస్టీ వర్తిస్తుందని 2023లో కర్ణాటకలో జీఎస్టీ సందేహాలను ముందుగా తేల్చే ముందస్తు తీర్పుల విభాగం చెప్పింది. నెలకు 9,000 కట్టే కొత్త ఉద్యోగికి అది వెయ్యి రూపాయలకు పైగా అదనపు భారం. విడిగా ఒక ఫ్లాటును ఇరవై రెట్లు ఎక్కువ అద్దెకు తీసుకుని కుటుంబంతో ఉండే వ్యక్తికి మాత్రం పన్ను లేదు. 2024 జూన్‌లో కేంద్ర, రాష్ట్రాల మంత్రులు కలిసి నిర్ణయాలు తీసుకునే జీఎస్టీ మండలి మనిషికి నెలకు 20,000 రూపాయల లోపు, కనీసం 90 రోజులు ఉండే వసతికి మినహాయింపు ఇచ్చింది. మంచాల మధ్య రేకు బీరువా పెట్టుకుని బతికే లక్షలమంది యువతీయువకులకు నిశ్శబ్దంగా జరిగిన న్యాయం అది.

లోటు ఎక్కడి నుంచి పూడాలి

కింద తగ్గిస్తే ప్రభుత్వం ఎలా నడవాలని అడగడం న్యాయమే. ఆసుపత్రి, బడి, బస్సు పన్నుతోనే నడుస్తాయి. వాటిలో కోత పడితే దెబ్బ మళ్లీ కిందివారికే. కనుక పైన పెంచకుండా కింద తగ్గించడం సగం పనే.

పైన ఇప్పుడున్న పరిస్థితి ఇది. ఎస్టేట్ డ్యూటీని, అంటే చనిపోయినవారి ఆస్తి వారసులకు బదిలీ అయ్యేటప్పుడు వేసే పన్నును, 1985లో రద్దు చేశారు. సంపద పన్నును 2015లో ఎత్తేశారు. అప్పుడు ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ చెప్పిన కారణం, 2013-14లో దానివల్ల వచ్చింది 1,008 కోట్లేనని. దాని బదులు కోటి రూపాయలు దాటిన ఆదాయాలపై 2 శాతం అదనపు సర్‌చార్జి, అంటే పన్ను మీద మరో పన్ను, వేశారు. కోట్ల ఆదాయం ఉన్నవారి సర్‌చార్జి తర్వాత 37 శాతం దాకా పెరిగినా, 2023 బడ్జెట్ కొత్త విధానంలో దాన్ని 25కు దించింది. సంపద పన్ను రాబడి తక్కువన్నది నిజమే. షేర్లను లెక్కలోంచి తప్పించాక రాబడి తక్కువగానే ఉంటుంది. లోపం పన్ను ఆలోచనలో లేదు, దాన్ని రాసిన తీరులో ఉంది.

పని చేసి సంపాదించినదానికీ, ఆస్తి పెరిగి వచ్చినదానికీ మధ్య తేడా ఇంకా స్పష్టం. పన్ను వర్తించే జీతం 30 లక్షలైతే కొత్త విధానంలో సెస్సుతో కలిపి దాదాపు 5 లక్షలు కట్టాలి. వేరే ఆదాయం లేకుండా, ఏడాదికి మించి ఉంచుకున్న షేర్లు అమ్మి 30 లక్షల లాభం పొందితే కట్టేది సుమారు 3.2 లక్షలు. రాత్రి షిఫ్టులో కూర్చుని సంపాదించిన రూపాయి మీద ఎక్కువ, కూర్చున్నచోటే పెరిగిన రూపాయి మీద తక్కువ పన్ను వేయడానికి న్యాయమైన కారణం చూపడం కష్టం. పెట్టుబడులు పారిపోతాయన్న భయం ఉంది. 1973-74లో గరిష్ఠ ఆదాయపు పన్ను రేటు 97.75 శాతానికి చేరి, ఎగవేతకు దారి తీసిన చరిత్రా ఉంది. ఆ రోజులు తిరిగి రావాలని ఎవరూ కోరడం లేదు. పదుల కోట్లు దాటిన వారసత్వ ఆస్తిపై ఓ మోస్తరు పన్నుకు, ఆ రేటుకు మధ్య చాలా చోటు ఉంది. వ్యవసాయ ఆదాయం పేరిట నగరాల్లో స్థిరపడ్డ సంపన్నులు పొందే మినహాయింపు గురించి తెలుగువారికి విడమరిచి చెప్పాల్సిన పని లేదు. రెండెకరాల రైతును ముట్టుకోకుండానే ఆ దారి మూయవచ్చు.

ఇంకో చిక్కు కేంద్ర రాష్ట్రాల మధ్య ఉంది. కేంద్ర పన్నులను రాష్ట్రాలకు ఎలా పంచాలో చెప్పే ఆర్థిక సంఘాల్లో 14వది, వై.వి.రెడ్డి అధ్యక్షతన, ఆ పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచింది. తర్వాతి ఏళ్లలో కేంద్రం సెస్సులు, సర్‌చార్జీల మీద ఎక్కువగా ఆధారపడింది. వాటిలో రాష్ట్రాలకు వాటా లేదు. 2022 మే కోత తర్వాత లీటరు పెట్రోలుపై కేంద్రం వసూలు చేసిన 19.90 రూపాయల్లో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన మూల సుంకం 1.40 మాత్రమే. 15వ సంఘం లెక్కలో, రాష్ట్రాలకు పంచే మొత్తంలో కర్ణాటక వాటా 4.713 నుంచి 3.647 శాతానికి పడిపోయింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాటాలూ తగ్గాయి. పేద రాష్ట్రాలకు ఎక్కువ ఇవ్వడం ధర్మమే, దానితో తగువు లేదు. పంచాల్సిన మొత్తాన్నే సెస్సుల పేరుతో చిన్నది చేయడం మాత్రం ధర్మం కాదు. చేతులు కట్టేసిన రాష్ట్రం చివరికి డీజిలు మీద, బస్సు టికెట్టు మీద పడుతుంది.

మళ్లీ చిన్న కొట్టు దగ్గరికి వస్తే, తక్షణం చేయగలిగిన పని పెద్ద ఖర్చు లేనిది. సరుకుల అమ్మకానికి 40 లక్షల పరిమితి, కాంపొజిషన్‌కు కోటిన్నర పరిమితి 2019 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చాయి. సేవలకు 20 లక్షల పరిమితి 2017 నాటిది. నోటీసులు వెళ్లిన 2025లోనూ అవే అంకెలు. ఈ మధ్యకాలంలో పాలు, నూనె, గ్యాసు, అద్దె అన్నీ పెరిగాయి. బేరం పెరగకపోయినా, ధర పెరిగినందుకే కొట్టు పరిమితి దాటేస్తోంది. ఈ పరిమితులను ధరల సూచీతో ముడిపెట్టి రెండేళ్లకోసారి సవరించడం జీఎస్టీ మండలి చేతిలో ఉన్న పని. దాటినవారికి మొదటి ఏడాది నోటీసు బదులు, వారికి తెలిసిన భాషలో ఫోను సందేశం పంపి, కాంపొజిషన్‌లో చేరే దారి చూపి, పాత బకాయి జోలికి వెళ్లకుండా ఉంటే చాలామంది వాళ్లంతట వాళ్లే వచ్చి నమోదవుతారు. 2025 జులైలో కర్ణాటక ఈ హామీని నిరసన తర్వాత ఇచ్చింది. దాన్ని అన్ని రాష్ట్రాలకు వర్తించే నియమంగా రాయాల్సింది మండలి.